ఇంజను లేని ఇల్లు, కొండ అంచున రోడ్డు

విజయనగరం నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. "సినిమాలో చూపించేదానికీ నిజానికీ ఎంత తేడా ఉంటుందో మీరు చెబుతుంటారు కదా! ఇంగ్లీషు సినిమాల్లో కారు వెనక చిన్న ఇల్లొకటి తగిలించుకుని, సముద్రం పక్కన మెలికల రోడ్డు మీద పాటలు పాడుకుంటూ పోతుంటారు. చూస్తుంటే ప్రాణం లేచొస్తుంది. నిజంగా అంత హాయిగా ఉంటుందా? ఎప్పటికైనా నేనూ అలా వెళ్ళాలని కోరిక" అని.

చెల్లాయీ! నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అలాంటి ఇంటిని లాక్కుంటూ అలాంటి రోడ్డు మీద పోయిన బండిలో నేనూ ఉన్నాను మరి. 2019 సెప్టెంబరు మాట. ఆ ప్రయాణంలో నేనొక వెధవపని చేశాను. ఇన్నేళ్ళూ ఈ పేజీలో ఎందరి గుట్టో విప్పాను గానీ నా గుట్టు మాత్రం మూటగట్టి అటక మీద పెట్టాను. నీ పుణ్యమా అని ఇవాళ దించుతున్నాను.

ముందు ఒక సంగతి. క్యారవాన్ అనగానే మన కుర్రకారుకి షూటింగు దగ్గర హీరోగారు మేకప్ వేసుకునే పెద్ద బస్సు గుర్తొస్తుంది. దానికి సొంత ఇంజనుంటుంది, సొంత డ్రైవరుంటాడు. నేను చెప్పేది అది కాదు. దీన్ని అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ అంటారు. మంచాలు, పొయ్యి, సింకు, బాత్‌రూము అన్నీ ఉంటాయి. ఇంజను మాత్రం ఉండదు. ముందున్న బండి ఎటు లాగితే అటు పోవాలి. ఆ బండి వెనక ఒక ఇనుప గుండు ఉంటుంది. మహా అయితే నిమ్మకాయకంటే కాస్త పెద్దది. ఇంటి ముక్కు తెచ్చి ఆ గుండు మీద కూర్చోబెట్టి గొళ్ళెం వేస్తారు. అంతే! అంత ఇల్లూ ఆ గుండు మీదే ఆధారపడి కొండలెక్కుతుంది. ఒకవేళ గుండు ఊడినా ముక్కు నేలకి తగలకుండా కింద రెండు గొలుసులు అడ్డంగా, ఒకదాని మీదుగా ఒకటి వేస్తారు.

మా అక్కా బావగార్లు శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర ఫ్రీమాంటులో ఉంటారు. బావగారు ఉద్యోగం మానేశాక ఇరవై రెండడుగుల ట్రైలరొకటి కొన్నారు. దాన్ని లాగడానికో పికప్ బండి. ఆయన తండ్రి మారేడుమిల్లి ఘాట్ మీద లారీ తోలినాయన. ఆ రక్తం ఎక్కడికి పోతుంది! ట్రైలరు కొన్న మర్నాటి నుంచి బావగారికి అదే లోకం. బోల్టులు బిగించడం, టైర్లలో గాలి చూడటం, తూకాలు వెయ్యడం. అక్క మాత్రం "పెళ్ళయిన కొత్తలో నన్నిలా చూసుకుంటే ఎంత బాగుండేదిరా" అనేది.

ఆ ఏడు నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మోరో బే అనే ఊళ్ళో బావగారి పాత స్నేహితులు ఆరు కుటుంబాల వాళ్ళు కలుసుకునే ఏర్పాటు జరిగింది. ఒకటో నంబరు హైవే మీదుగా పోదామన్నారు బావగారు. కాలిఫోర్నియాలో పసిఫిక్ మహాసముద్రం ఒడ్డునే పోయే రోడ్డది. అందులోనూ కార్మెల్ నుంచి శాన్ సిమియన్ దాకా ఉన్న ముక్కని బిగ్ సర్ అంటారు. ఒక పక్క నిలువు కొండ, మరో పక్క వందల అడుగుల కింద సముద్రం. ఆ ముక్క వెయ్యడానికి దాదాపు పద్దెనిమిదేళ్ళు పట్టింది. జైళ్ళలో ఉన్న ఖైదీల చేత కూడా పని చేయించారు. 1937లో గానీ రోడ్డు పూర్తిగా తెరవలేదు. తెరిచాక కూడా కొండ ఊరుకోదు. 2017 మే నెలలో మడ్ క్రీక్ అనే చోట కొండచరియ విరిగి రోడ్డునే మింగేసింది. మళ్ళీ బళ్ళు తిరిగింది 2018 జూలైలో.

మన భీమిలి రోడ్డు చూసినవాళ్ళు దాన్నే ఎత్తుగా, ఇరుగ్గా, మెలికలు మెలికలుగా ఊహించుకోండి. 1978లో వచ్చిన 'మరోచరిత్ర' చూసి ఆ సముద్రం కోసం విశాఖపట్నం రైలెక్కిన కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. కనక బిగ్ సర్ అనగానే ఎగిరి గంతేశాను.

బయల్దేరే ముందు రోజు రాత్రి బావగారు మాకో సినిమా వేశారు. 'ది లాంగ్, లాంగ్ ట్రైలర్'. 1954 నాటి ఎమ్.జి.ఎమ్. వారి చిత్రం. డైరెక్టరు విన్సెంట్ మినెల్లీ. క్లింటన్ ట్విస్ 1951లో రాసిన నవల దీనికి ఆధారం. హీరోహీరోయిన్లు డెసీ ఆర్నాజ్, లూసిల్ బాల్. అప్పటికి నిజజీవితంలోనూ భార్యాభర్తలే. 'ఐ లవ్ లూసీ' అనే టెలివిజన్ నాటికతో ఇంటింటా మారుమోగిపోతున్న జంట. కథ చిన్నదే. కొత్త దంపతులు ఇల్లు కొనుక్కోకుండా ముప్ఫయ్యారడుగుల ట్రైలరు కొనుక్కుని కాపురం పెడతారు. ఇక చూస్కోండి తిప్పలు! బండి పోతుండగా హీరోయిన్ లోపల వంట మొదలెడుతుంది. మలుపు మలుపుకీ వంటకాలన్నీ ఆమె మీదే! మా అక్క మనవడు, తొమ్మిదేళ్ళవాడు, పొట్ట పట్టుకుని దొర్లి దొర్లి నవ్వాడు.

అసలు ఘట్టం తర్వాత వస్తుంది. హీరోయిన్‌కి పోయిన ప్రతిచోటా ఒక రాయి ఏరి దాచుకోవడం సరదా. ముందు ఘాట్ రోడ్డుంది, బరువు పనికిరాదు, రాళ్ళన్నీ పారెయ్యమంటాడు భర్త. ఆవిడ సరేనంటుంది. పారెయ్యదు. ట్రైలరులో మూలమూలా దాచేస్తుంది. ఇక ఆ కొండ ఎక్కుతుంటే మొగుడి గుండె గొంతులోకొస్తుంది. చివరికి సంగతి బయటపడి ఇద్దరూ తగువులాడుకుంటారు. అది సముద్రం పక్క రోడ్డు కాదు, పర్వతాల మధ్య దారి. అయినా ప్రాణం ఉగ్గబట్టుకుని చూస్తాం. ఉగ్గబట్టుకుంటూనే నవ్వుతాం. మేమూ నవ్వాం. హాలు దద్దరిల్లేలా నవ్వాం.

సినిమా అయిపోయింది. బావగారు పడుకున్నారు. అక్క వంటింట్లోంచి పిలిచింది.

"ఒరే చిన్నోడా, ఇలా రా. అమ్మ రోలు కాస్త బండిలో పెట్టాలిరా."

అది మా అమ్మ రుబ్బురోలు. అమ్మ పోయాక అక్క పట్టుబట్టి ఓడ సామానులో వేయించి తెప్పించుకుంది. ముప్ఫయ్యయిదు కిలోలుంటుంది. పొత్రం వేరే.

"బావగారు వద్దన్నారుగా అక్కా?"

"ఆయన వద్దనే అంటారు. ఆరు కుటుంబాల వాళ్ళకి రోట్లో రుబ్బిన గోంగూర పచ్చడి పెడతానని మాటిచ్చానురా. మిక్సీలో వేస్తే అది పచ్చడా, లేహ్యమా? నువ్వు మోసి పెట్టు చాలు. ఆయనకి చెప్పకు."

చెప్పకు! ఈ ఒక్క మాట మీద మన తెలుగు సినిమాలు ఎన్ని నడిచాయో మీకు తెలుసు. చెప్పేస్తే ఇంటర్వెల్ దాకా కథే ఉండదు. మద్రాసులో అసిస్టెంటు డైరెక్టరుగా ఉన్నప్పుడు అలాంటి సీన్లు ఎన్నింటికో నేనే క్లాపు కొట్టాను. అయినా రోలెత్తాను. అరగంట క్రితం తెర మీద రాళ్ళు చూసి నవ్వినవాణ్ణే నేను!

ట్రైలరు వెనక గోడ పక్కన పిల్లవాడి మంచం ఉంది. పలకెత్తితే కింద డొల్ల. అందులో రోలు పెట్టాను. రోలొక్కటే అయితే ఎలా? రెండు బియ్యం బస్తాలు, మంచినీళ్ళ సీసాల పెట్టెలు రెండు, ఆవకాయ జాడీ, పప్పులు. అన్నీ కలిసి తొంభై కిలోల దాకా తేలాయి. పొత్రానికి కింద చోటు చాల్లేదు. దుప్పట్లో చుట్టి మంచం మీద, తలగడ వెనక పెట్టాను. భేషుగ్గా దాచాననుకున్నాను.

తెల్లారింది. మనవడు పేచీ మొదలెట్టాడు. "తాతా, నేను ట్రైలరులో నా మంచం మీద పడుకుని వస్తా."

"కుదరదు నాన్నా. బండి కదులుతుంటే అందులో మనిషి ఉండకూడదు. ఇక్కడ చట్టం ఒప్పుకోదు."

"సినిమాలో వంట కూడా చేసిందిగా?"

"అది సినిమా" అన్నారు బావగారు. వాడు మూతి ముడుచుకుని వెనక సీట్లో అక్క పక్కన కూర్చున్నాడు.

మొదట అంతా పెద్ద రోడ్డే. ఇల్లు తగిలించుకున్న బండి కాలిఫోర్నియాలో గంటకి 55 మైళ్ళు దాటకూడదు. బావగారు అంతకు మించలేదు. కాస్ట్రోవిల్ దాటి ఒకటో నంబరు హైవే ఎక్కాం. మరీనా అనే ఊరి పక్కన ఇసకదిబ్బలు. వాటి మీదుగా సముద్రపు గాలి అడ్డంగా కొడుతోంది. అక్కడ మొదటిసారి, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని అటోసారి ఇటోసారి గుంజినట్టయింది. ఒక్క క్షణం. బావగారు యాక్సిలరేటరు తగ్గించారు. సర్దుకుంది.

ఆయన అద్దంలోకి చూస్తూ అడిగారు. "నిన్న తూకం వేసినప్పుడు సరిగ్గానే ఉందే! ఏమోయ్, వెనక ఏమైనా పెట్టారా?"

నేను తలెత్తి చూశాను. అద్దంలో అక్క కళ్ళు కనిపించాయి.

"లేదు బావగారూ" అన్నాను.

ఇదీ, చెల్లాయీ, నేను చేసిన వెధవపని. రోలు మొయ్యడం కాదు, ఈ రెండు ముక్కలు.

కార్మెల్ దాటాక రోడ్డు సన్నబడింది. పోను ఒక వరస, రాను ఒక వరస. అమెరికాలో బళ్ళు కుడిపక్కన నడుస్తాయి కదా, దక్షిణానికి పోయేవాళ్ళకి సముద్రం కుడి చేతి వైపే. అంటే అంచు మనదే! ఉత్తరానికి వచ్చేవాళ్ళకి కొండ వైపు చోటు దొరుకుతుంది. అందుకే ట్రైలర్ల వాళ్ళు చాలామంది ఈ రోడ్డుని కింద నుంచి పైకి, ఉత్తరం వైపు పోవడానికే ఇష్టపడతారు. మేము పోవలసిన ఊరు దక్షిణాన ఉంది. తప్పదు.

ఇలాంటి రోడ్డు మీద బండి తోలేవాడు ఏం చూస్తాడో తెలుసా? సముద్రాన్ని కాదు, అద్దాల్ని. ముందు బండి మలుపు తిరిగాక కాసేపటికి గానీ వెనక ఇల్లు తిరగదు. తిరిగేటప్పుడు మూల కోసేస్తుంది. కుడి మలుపులో జాగ్రత్తగా లేకపోతే దాని చక్రం రోడ్డు దిగి అంచు మీదికి పోతుంది. ఎడమ మలుపులో అయితే గీత దాటి ఎదుటివాడి మీదికి పోతుంది. బావగారు ప్రతి మలుపునీ కొంచెం వెడల్పుగా తీసుకుంటూ, పెదవులు బిగబట్టి తోలుతున్నారు. వెనక ఐదు బళ్ళు చేరితే నెమ్మదిగా పోయేవాడు పక్కకి తప్పుకుని దారివ్వాలి. అక్కడ చట్టమే అది. దానికోసం రోడ్డు పక్కన చిన్న చిన్న జాగాలు వదులుతారు. అలా నాలుగు చోట్ల ఆగాం. పోయేవాళ్ళు హారన్ కొట్టి చెయ్యూపితే మనవడు రాజుగారిలా తిరిగి ఊపాడు.

కార్మెల్‌కి పదమూడు మైళ్ళ అవతల బిక్స్‌బీ వంతెన వచ్చింది. మీరు చూసే ఉంటారు. 2017లో వచ్చిన 'బిగ్ లిటిల్ లైస్' సీరియల్ టైటిల్స్‌లో కార్లు పోయే వంతెన అదే. 1932లో కట్టారు. కింద వాగు, దాదాపు 260 అడుగుల ఎత్తున ఒకే ఒక్క కాంక్రీటు కమాను. ఆ లాంగ్ ట్రైలర్ సినిమా తీసిన మినెల్లీయే 1965లో ఎలిజబెత్ టేలర్, రిచర్డ్ బర్టన్లతో 'ది శాండ్‌పైపర్' తీశాడు. ఆ కథ జరిగేది ఈ బిగ్ సర్లోనే. తెర మీద చూస్తే రెక్కలొచ్చినట్టుంటుంది. ఉండదూ మరి! కెమెరా ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. బండిలో కూర్చున్నవాడికి మాత్రం వంతెన పిట్టగోడ, పచ్చగీత, అంతే. "ఫొటో, ఫొటో" అని మనవడు గోల పెట్టాడు. బావగారు ఆపలేదు. అక్కడ జాగా చిన్నది, జనం ఎక్కువ, ఇంత పొడుగు బండితో దూరితే బయటపడటం కష్టం.

వంతెన దాటాక రోడ్డు ఎక్కుతుంది. పైన ఒక మలుపుంది. దాని పేరు హరికేన్ పాయింట్. తుఫాను మొన అన్నమాట! ఊరికే పెట్టలేదా పేరు. అక్కడి నుంచి చూస్తే దూరంగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన బండరాయి, దాని మీద 1889 నుంచీ ఉన్న పాయింట్ సర్ దీపస్తంభం. అది చూస్తూ నేను "అబ్బ!" అన్నాను. ఆ అబ్బ అలాగే గొంతులో ఉండిపోయింది.

మొన దాటి దిగుతున్నాం. గాలి ఒక్కసారి ఈడ్చి కొట్టింది. వెనక ఇల్లు కొంచెం కుడికి జరిగింది. తర్వాత ఎడమకి. తర్వాత ఇంకొంచెం ఎక్కువగా కుడికి. మొదటిది అడుగు, రెండోది రెండడుగులు, మూడోది ఎంతో చూసే ధైర్యం నాకు లేకపోయింది. అద్దంలో ఇల్లు కనిపిస్తోంది, మాయమవుతోంది, కనిపిస్తోంది. అది ఊగినప్పుడల్లా మా బండి తోక పట్టుకుని తిప్పుతోంది. ఏనుగు తోకకి కట్టిన డబ్బా కాదది, డబ్బాయే ఏనుగు! ఎదురుగా ఒక బస్సు వస్తోంది. కుడి పక్కన నీలంగా, అందంగా, ఏమీ లేదు.

నాకు తెలిసిన విద్య ఒక్కటే. పాత రోజుల్లో స్టూడియోలో కారు సీను తీసేటప్పుడు వెనక తెర మీద రోడ్డు బొమ్మ వేసి, కారు కింద మేం నలుగురం దూరి ఊపేవాళ్ళం. హీరో స్టీరింగు అటూ ఇటూ గిరగిరా తిప్పి చెమటలు తుడుచుకునేవాడు. "బ్రేకు వెయ్యండి బావగారూ!" అని అరిచాను.

ఆయన వెయ్యలేదు. స్టీరింగు తిప్పనూ లేదు. రెండు చేతుల్లో నిటారుగా పట్టుకున్నారు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశారు. ఎడమ చేతిని స్టీరింగు మీదే ఉంచి, కుడి చేత్తో మోకాలి దగ్గరున్న చిన్న మీట పట్టుకుని మెల్లగా నొక్కారు. అది ట్రైలరు చక్రాలకి మాత్రమే బ్రేకు వేసే మీట. ముందు బండి పోతూ, వెనక ఇల్లు మాత్రం వెనక్కి లాగినట్టయింది. లాగి కట్టిన తాడులా రెండూ ఒక గీతలోకి వచ్చాయి. ఇంకోసారి ఊగింది, తక్కువగా. ఇంకోసారి, ఇంకా తక్కువగా. ఆగిపోయింది. బస్సు మా పక్క నుంచి వెళ్ళిపోయింది.

కింద ఒక జాగా కనిపిస్తే పక్కకి తీశారు. ఇంజను ఆపారు. ఎవరూ మాట్లాడలేదు. ఆయన చేతులు స్టీరింగు మీద వణుకుతుంటే చూశాను. దిగి చక్రాలకి అడ్డకట్టలు పెట్టి, ట్రైలరు తలుపు దగ్గరికి నడిచారు. నేను వెనకే పరిగెత్తాను.

"బావగారూ! వెనక రోలుంది."

ఆయన తలుపు తీశారు. బియ్యం బస్తా ఒకటి చిట్లి, నేలంతా బియ్యం. మంచం మీద దుప్పటి ఉంది. పొత్రం లేదు. ఎదుటి గోడకున్న అలమారు తలుపు పగలగొట్టుకుని లోపల పడి ఉంది. మంచానికీ ఆ అలమారుకీ మధ్య మనవడి తలగడ.

పొద్దున వాడు పడుకుంటానన్న మంచం అదే.

అక్క వచ్చి చూసింది. తలగడ చేతిలోకి తీసుకుని మెట్టు మీద కూలబడింది. "తప్పు నాదేనండీ. వాడు వద్దన్నాడు. నేనే పెట్టించాను" అంది.

ఇప్పుడు బావగారు రోలెత్తి కొండ మీంచి సముద్రంలోకి విసిరేస్తారనుకున్నాను. సినిమాలో ఆ మొగుడికి రాళ్ళ మీద పట్టరాని కోపం వస్తుంది. ఈయనకీ రావడంలో తప్పులేదు. బావగారు చాలాసేపు ఆ పొత్రాన్నే చూశారు. తర్వాత నాకేసి తిరిగారు.

"రోలు పెట్టారని కాదోయ్. మరీనా దగ్గర అడిగాను. అప్పుడు చెప్పి ఉంటే అక్కడే ముందుకి సర్దుకునేవాళ్ళం. పది నిమిషాల పని. నువ్వు లేదన్నావని నేను గాలి అనుకున్నాను. గాలి అనుకునే ఈ కొండ దిగాను."

అంతే అన్నారు. ఇరవై ఏళ్ళు సినిమా డైలాగుల మధ్య తిరిగినవాణ్ణి, దానికి బదులు చెప్పడానికి ఒక్క మాట దొరకలేదు.

రోలూ పొత్రమూ పికప్‌లోకి, ముందు సీట్ల వెనక నేల మీదికి చేర్చాం. నీళ్ళ సీసాలు, మిగిలిన బస్తా ట్రైలరు ముందు భాగంలోకి మోశాం. మోసింది నేనే. బావగారు ఒక్కో సామాను ఎక్కడ పెట్టాలో చూపించారు, అక్క చిందిన బియ్యం ఎత్తింది. ఆ తర్వాత మోరో బే దాకా ఎనిమిదీ తొమ్మిదీ గంటల బస్సులో ఎదురెదురు సీట్లలో కూర్చున్న పరాయివాళ్ళలా కూర్చున్నాం. బండి మాత్రం బుద్ధిగా వచ్చింది. ఒక్కసారి కూడా తోక ఆడించలేదు. దిగుడు వచ్చినప్పుడల్లా బావగారు చిన్న గేరులోకి మార్చి ఇంజనుతోనే ఆపుకుంటూ దించారు. ఊరికే బ్రేకు నొక్కి ఉంచితే వేడెక్కి చివరికి పట్టవు. "ఎక్కిన గేరులోనే దిగాలి" అని వాళ్ళ నాన్నగారు చెప్పేవారట. మారేడుమిల్లి పాఠం బిగ్ సర్లో పనికొచ్చింది.

ఆ రాత్రి మోరో బేలో నిప్పుల పొయ్యి దగ్గర ఆయనే నన్ను పిలిచి కాగితం మీద లెక్క వేసి చూపించారు. పార్కుల్లో పిల్లలు అటొకరు ఇటొకరు కూర్చుని ఊగే బల్ల ఉంటుంది చూశారూ, ట్రైలరు అలాంటిది. మధ్యన చక్రాలు. ముందు వైపు ముక్కు, వెనక వైపు తోక. మొత్తం బరువులో నూటికి పది నుంచి పదిహేను పాళ్ళు ముక్కు మీద, అంటే ఆ గుండు మీద పడాలి. అప్పుడే ఇల్లు బుద్ధిగా వెంట వస్తుంది. ఆయన ట్రైలరు 4,500 పౌన్లు, రెండు వేల కిలోల పైచిలుకు. ముందు రోజు సాయంత్రం ముక్కు తూకం వేస్తే 480 పౌన్లు వచ్చింది. సరిగ్గా ఉంది. రాత్రి మేం తోకలో తొంభై కిలోలు కుక్కాం. తోక దిగితే ముక్కు లేస్తుంది. 480 కాస్తా 360 దగ్గరికి పడిపోయింది. నూటికి ఎనిమిది పాళ్ళు కూడా లేదు! చదును రోడ్డు మీద, గాలి లేనప్పుడు ఏమీ తెలియదు. దిగుడులో, గాలిలో, మలుపులో బయటపడుతుంది.

"రెండు వేల కిలోల బండికి తొంభై కిలోలు లెక్కా అనుకున్నాను బావగారూ."

"ఎంతన్నది కాదు, ఎక్కడన్నది లెక్క. అదే రోలు ముందు పెట్టి ఉంటే అసలు తెలిసేది కాదు. పెడతానంటే నేనే చోటు చూపించేవాణ్ణి" అన్నారు. కాసేపాగి, "నేనూ ఊరికే వద్దనెయ్యకుండా ఉండాల్సింది. మీ అమ్మగారి రోలని మర్చిపోయాను" అన్నారు.

మర్నాడు అక్క గోంగూర రుబ్బింది. ఆరు కుటుంబాల వాళ్ళూ ఆకులు నాకారంటే నమ్మండి. బావగారు మారు వడ్డించుకున్నారు. అక్క మాత్రం ఆయన కంచం వైపు చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు, సామాను సర్దుతుంటే అక్కే పిలిచింది. "ఏవండీ, ఈ రోలు ఎక్కడ పెట్టమంటారు?" అని. ఆ ప్రశ్న ముందు రోజు అడిగి ఉంటే ఈ కథే లేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు, చెల్లాయీ. హాయిగా ఉంటుందా అంటే, ఉంటుంది. మోరో బేలో తెల్లారుజామున తలుపు తీస్తే ఎదురుగా సముద్రంలో నిలబడ్డ ఆ పెద్ద కొండ, పొయ్యి మీద కాఫీ, నీ ఇంటి గడపలోనే నువ్వు. అది సినిమావాళ్ళు చూపించినదానికంటే బాగుంటుంది. తప్పకుండా వెళ్ళు. కానీ ఆ ఇంటిని అక్కడి దాకా తెచ్చేవాడికి మాత్రం హాయి ఉండదు. ఏడెనిమిది గంటలు అద్దాల్లోకి చూస్తూ కూర్చుంటాడు. వెనక ఏముందో అతనికి కనిపించదు. మనం చెబితేనే తెలుస్తుంది.

కనక బరువు ముందు వైపు సర్దించు. ముక్కు తూకం వేయించు. గొలుసులు చూసుకో. దిగుడులో చిన్న గేరు. ఊగితే కాలి బ్రేకు తొక్కకుండా, స్టీరింగు తిప్పకుండా, ట్రైలరు మీట ఒక్కటే నొక్కమని ముందే నేర్చుకో. ఎవరినీ ట్రైలరులో కూర్చోనివ్వకు, ఎంత పేచీ పెట్టినా సరే. ఇవన్నీ ఒక పూటలో వస్తాయి.

అన్నిటికంటే ముందుది ఇంకోటుంది. బండి తోలేవాడు "వెనక ఏమైనా పెట్టారా?" అని అడిగితే, ఎవరు ఎలా చూసినా, ఉన్నదున్నట్టు చెప్పెయ్యి. నేను చెప్పలేదు.

ఆ లాంగ్ ట్రైలర్ సినిమా తర్వాత ఇంకోసారి చూశాను. రాళ్ళు దాచే సీను వచ్చినప్పుడు పక్కనున్నవాళ్ళందరూ నవ్వారు. బాగా తీశాడు మినెల్లీ, నవ్వాల్సిందే. నేను మాత్రం లేచి మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను.

వచ్చే వారం వేరే ఉత్తరం, వేరే కబురు. అంతవరకూ సెలవు.